సూళ్లూరుపేట తీరమున ఒక జర్మను ఇంటిపేరు

పూర్వులు ప్రళయకావేరి యని పిలిచిన పులికాటు సరస్సునకు పడమట, నెల్లూరునుండి మదరాసునకు పోవు బాటపై నున్న సూళ్లూరుపేటలో, శ్రీహరికోట దీవినుండి తొలి రాకెట్టు నింగి కెగయుటకు నూరేండ్లకు పైగా ముందు, 1865వ సంవత్సరమున, జర్మనీదేశపు లూథరు మతబోధకు డొకడు మకాము పెట్టెను. ఆయన పేరు ఆగస్టు మ్యూలియుస్. పూర్వము లైప్‌జిగ్ మిషను పక్షమున తమిళదేశమున పనిచేసి స్వదేశమునకు మరలిపోయిన ఆయన, లూనెబుర్గు బీళ్ల నడుమ హెర్మన్స్‌బుర్గు అను పల్లెలో లూయి హార్మ్స్ అను పాదిరి 1849లో నెలకొల్పిన మిషను పక్షమున ఈమారు తెలుగుసీమకు వచ్చెను. సూళ్లూరుపేటతో మొదలైన ఆ పని నాయుడుపేట, గూడూరు, వాకాడు, వెంకటగిరి, రాపూరు వరకు వ్యాపించినది. 1840లోనే నెల్లూరు చేరియున్న అమెరికా బాప్టిస్టులు ఉత్తరదిక్కునకు సాగగా, దక్షిణదిక్కు ఈ జర్మనుల పాలయ్యెను. 1914లో మహాయుద్ధము రాగా వారిని శత్రుదేశీయులని నిర్బంధించి సాగనంపిరి. వారు విడిచిన సంఘములు అమెరికాలోని ఒహాయో సినడు చేతిలోనికి పోయి, తుదకు దక్షిణాంధ్ర లూథరన్ సంఘమై నిలిచినవి. ఆ మిషను చరిత్రను వ్రాసినవారు కలరు, ఇకముందును వ్రాయగలవారు కలరు. నాకు మాత్రము దాని మొదటి పుటలోనున్న ఆ ఇంటిపేరుమీదనే చూపు నిలిచిపోయినది.

ఆ పేరులోని తొలి యచ్చు తెనుగునోటికి లేదు. పెదవులు గుండ్రముచేసి ‘ఈ’ యనినచో వచ్చు ధ్వని యది. అంతకంటె చిత్రము పేరుల వరుస. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. జర్మనులకు సొంతపేరు ముందు, ఇంటిపేరు వెనుక. కావున ఆనాటి సూళ్లూరుపేట రైతెవడైనను ఆ దొరపేరు విని, వీరిది ఆగస్టువారి ఇల్లు కాబోలు, పిల్లవానికి మ్యూలియుసని పేరు పెట్టినారు కాబోలు అని యనుకొనియుండినచో అది న్యాయమైన యూహయే.

ఇక ఆ ఇంటిపేరు పుట్టువు. జర్మనీలో నేడు అన్నింటికంటె అధికముగా వినవచ్చు ఇంటిపేరు ముల్లరు. మరపట్టువాడు, పిండిమర నడుపువాడు అని దాని యర్థము. ప్రతి పల్లెకును ఏటికాలువమీద నొక మర యుండుట, ఆ మరకొక ముల్లరు ఉండుట, ఇంటిపేరులు స్థిరపడు కాలమున వేలకొలది పల్లెలలో వేలకొలది కుటుంబములు ఒకదానితో నొకటి సంబంధము లేకయే ఆ యొక్క పేరునే ధరించుట, ఇవియే దాని ప్రాచుర్యమునకు కారణములు. మ్యూలియుస్ అనునదియు ఆ ముల్లరే. గ్రీకుభాషలో మరకు ‘మ్యూలే’ యని పేరు. దానికి లాటిను ప్రత్యయమును తగిలింపగా పిండిధూళి యంతయు రాలిపోయి, పండితుల సభలో కూర్చుండదగిన పేరొకటి నిలిచినది. మధ్యయుగపు జర్మనీలో మరపట్టువాని వృత్తి పలుచోట్ల గౌరవము లేనిది. గింజలు కొలుచునప్పుడు కొంత తన గంపలో వేసికొనునను అపవాదు వాని నెన్నడును విడువలేదు, వాని కొడుకులను చేరనీయని వృత్తిసంఘములు కొన్ని యుండెడివి. అట్టి యింట పుట్టి విశ్వవిద్యాలయము మెట్లెక్కిన యువకుడు తన పేరును గ్రీకులోనికి మార్చుకొనెనన్నచో అందు కేవలము భాషాభిమానమే యున్నదని నే ననుకొనను.

పదునాఱవ శతాబ్దమున ఇది యొక యొరవడియే యైనది. లూథరునకు కుడిభుజమై నిలిచిన ఫిలిప్పు యొక్క పుట్టింటిపేరు ష్వార్ట్‌సెర్డ్, అనగా నల్లనేల. దానిని గ్రీకుచేసి మెలాంక్తాన్ అనిరి. రైతైన బవర్ అగ్రికోలా అయ్యెను, వర్తకుడైన క్రేమర్ పటములు గీయుచు మెర్కాటర్ అయ్యెను, దర్జీలు సార్టోరియుసు లైరి, కమ్మరులు ఫాబరు లైరి. లూథరు మతమునకును ఈ పేరులకును ఒకే తొట్టెలో ఊపబడిన చెలిమి యున్నది. ఆ మతమును బోధించుటకై వచ్చినవాని పేరు మ్యూలియుసై యుండుట కేవలము కాకతాళీయము కాదు. తరువాతి కాలమున ప్రభుత్వములు ఈ స్వేచ్ఛను బిగించినవి. 1876 జనవరి 1 నుండి సామ్రాజ్యమంతట జననమరణములు దొరతనమువారి పుస్తకముల కెక్కనారంభించిన పిమ్మట, ముల్లరై పుట్టినవాడు ముల్లరుగానే పోవలసినవాడు.

మ్యూలియుసులు కొలదిమందియే యైనను వారందఱును ఒక్క మూలపురుషుని సంతతి కారు. ఒక్కొక్క పట్టణమున ఒక్కొక్క చదువరి తనంతట తానీ పేరును కల్పించుకొనెను. హెస్సెదేశమువాడైన యోహాన్ డానియేల్ మ్యూలియుస్ రసవాదగ్రంథములను వ్రాసెను. లౌసిట్స్ ప్రాంతపు క్రిస్ట్‌లోబ్ మ్యూలియుస్ పత్రికారచయిత, లెస్సింగునకు బంధువు, మిత్రుడు. విజ్ఞానయాత్రకై అమెరికాకు బయలుదేరి 1754లో లండనుననే మరణించెను. డెన్మార్కున మ్యూలియుస్ ఎరిక్‌సెన్ అను జంటపేరు ధరించిన సాహసి 1907లో గ్రీన్‌లాండు మంచుమీద ప్రాణములు విడువగా, అక్కడి నిర్మానుష్యమైన భూభాగమొకటి నేటికిని పటములలో ఆయన పేరనే యున్నది. మనుష్యులు మసలు నాయుడుపేటలో కలుగని చిరస్థాయి మనుష్యులు లేని చోట కలిగినది!

సంస్కృతము చదువుకొన్నవారికి ఈ రెండు పేరులును చిరపరిచితములే. ఋగ్వేదమును సాయణభాష్యముతో నచ్చొత్తించిన మాక్సుముల్లరు ముల్లరుగనే యుండి, గ్రీకులోనికి కాక సంస్కృతములోనికి నడచినవాడు. తన గ్రంథముఖమున తన్ను మోక్షమూలర భట్టుగను, తా నివసించు ఆక్స్‌ఫర్డును గోతీర్థముగను పేర్కొనెను. పూర్వపు పండితులు మరను గ్రీకుచేసిన పనినే ఈయన కొంత పరిహాసముతోను కొంత ప్రేమతోను సంస్కృతమున చేసెను. మఱి 1975లో లైప్‌జిగ్‌లో వెలువడిన సంస్కృత జర్మను నిఘంటువును కూర్చిన పండితుని పేరు క్లౌస్ మ్యూలియుస్. వేదమును చెరిగి దంచి విసరిన ఇద్దఱు జర్మనులును పిండిమర పేరిటివారే యగుట నాకు మిక్కిలి ప్రీతికరమైన విషయము.

ఇట్లు ధాన్యముతో పొత్తుగల ఇంటిపేరు నెల్లూరునకు పరాయిది కాదు. పెన్న యొడ్డున మనుమసిద్ధి కొలువులో భారతమున పదునైదు పర్వములను తెనిగించిన సోమయాజి కొట్టరువు తిక్కన. కొటారు, కొట్టరువు అనగా ధాన్యము నిలువచేయు కొట్టు. గింజలను కొలిచి దాచు అధికారమెవరిదో వారి కుటుంబమునకు ఆ కొట్టుపేరే వచ్చినదను ఊహ సహజమైనది. భేద మొక్కటే: కొట్టరువువారు మంత్రులై, కవులై, దండనాథులై కూడ తమ కొట్టును ఏ సంస్కృతపదముతోను కప్పుకొనలేదు. ధాన్యాగారమనియో కోష్ఠాగారమనియో మార్చుకొనుట తిక్కనకు చేతగాని పనియా? ఇంటిపేరును అచ్చతెనుగుననే యుంచెను, ఉభయకవిమిత్రుడను బిరుదమును సంస్కృతమున ధరించెను.

ఈ తీరమున అధికభాగము ఇంటిపేరులు ఊరిపేరులే. ముప్పవరము విడిచి వచ్చినవారు ముప్పవరపువారు, గూడూరు విడిచినవారు గూడూరివారు. ఊరిలోనే యున్నవానికి ఆ ఊరిపేరు ఇంటిపేరు కానేరదు. అందఱిదియు నగునది ఎవ్వని గుర్తు కాగలదు? కనుకనే కృష్ణయొడ్డునున్న బెజవాడ పేరు పెన్న కెగువను బుచ్చిరెడ్డిపాళెమున బెజవాడ గోపాలరెడ్డిగారి ఇంటిపేరై వెలసినది. ఇంటిపేరన్నది విడిచివచ్చిన నేలకు రసీదు. ఒకే ఊరినుండి వేర్వేరు కులములవారు వేర్వేరు దిక్కులకు పోయి అందఱును ఆ ఊరిపేరునే మోసికొనిపోవుటచేత, ఇంటిపేరొకటైన మాత్రమున చుట్టరికమున్నదనుటకు వీలులేదు. గోత్రమడుగక సంబంధము కలుపుకొనని మన పెద్దల జాగ్రత్త కిదియు నొక కారణము. ఆడువారి విషయము వేఱు. నెల్లూరున కస్తూరీదేవీ విద్యాలయమును స్థాపించిన పొణకా కనకమ్మగారు పుట్టింట మరుపూరువారు. లోకమున నిలిచినది మెట్టినింటి పేరు.

అరుదైన పేరుకై వెదకువారు నెల్లూరు తిప్పరాజువారి వీధివరకు పోయిన చాలును. అచ్చట హరికథావిద్వాంసుడైన సాంబమూర్తిగారి ఇల్లుండెను. ఆయన కుమారుడు, గాయకుడైన బాలసుబ్రహ్మణ్యము 2020లో, తన కన్నుమూతకు కొన్ని నెలలముందు, దానిని వేదపాఠశాలకై కంచిపీఠమునకు సమర్పించెను. వారి ఇంటిపేరు శ్రీపతి పండితారాధ్యుల. పండ్రెండవ శతాబ్దపు శైవాచార్యులలో పండితత్రయముగా పేర్కొనబడువారు ముగ్గురు: శ్రీపతి పండితుడు, మల్లికార్జున పండితారాధ్యుడు, శివలెంక మంచన పండితుడు. నిప్పును వస్త్రమున మూటగట్టి బెజవాడ కెల్ల నిప్పు లేకుండ జేసెనని శైవులు చెప్పుకొను శ్రీపతి పేరే ఆ ఇంటిపేరున వినవచ్చుచున్నది. ఊరినిబట్టి వచ్చిన పేరు ఆ ఊరు విడిచిన ప్రతివానికిని రాగలదు. గురువునుబట్టి వచ్చినది ఆ గురుపరంపరకే కట్టుబడి సన్నని పాయగానే సాగును. ఇంత దీర్ఘమైన, ఇంత చరిత్రగల పేరును లోకము ఎస్.పి. అను రెండక్షరములుగా కుదించి పిలిచినది, ఆ రెండక్షరములనే ప్రేమించినది.

అరుదైన పేరులు ఏల తగ్గిపోవును? 1873లో ఇంగ్లండున ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ ప్రశ్నను ఒక పత్రికలో గణితసమస్యగా వేసెను. మరుసటియేట వాట్సన్ అను గణితజ్ఞుడైన మతాచార్యునితో కలిసి దానిపై వ్యాసము ప్రకటించెను. తండ్రినుండి కొడుకునకు మాత్రమే దిగు పేరు, ఒక తరమున కొడుకులు లేకపోయినచో అక్కడనే తెగిపోవును. సగటున తండ్రికొక కొడుకే యున్న సమాజమున, ఎంత కాలమునకైనను, ఏ ఒక్క పేరైనను అంతరింపక తప్పదు. వేలకొలది గడపలున్న ముల్లరునకు నాలుగు గడపలు మూతపడిన లెక్కలేదు. నాలుగే గడపలున్న పేరునకు అదియే ప్రళయము. గాల్టన్ లెక్కకు ఉదాహరణము మ్యూలియుసులలోనే యున్నది. ఫ్రాంక్‌ఫర్టున పుట్టి మిలానున వర్తకముచేసి ధనవంతుడై, మహాకవి గేటేకు మిత్రుడైన హైన్‌రిక్ మ్యూలియుస్, కోమో సరస్సునకు పైనున్న కొండమీద సుందరమైన భవనమును కొనెను. ఏకైకపుత్రుడు యూలియుస్ 1830లో అకాలమరణము చెందెను. వానినప్పుడే పెండ్లాడిన లుయీజా పిమ్మట ఇగ్నాజియో విగోనీని వివాహమాడగా, ఆస్తి వారి సంతానమునకు దక్కెను. అది నేడు జర్మనీ ఇటలీ దేశముల సాంస్కృతికకేంద్రము. పేరు విల్లా విగోనీ. ఇల్లు నిలిచినది, ఇంటిపేరు తొలగినది.

మనకు దత్తత యున్నది. కొడుకులు లేని ఇంట పేరు నిలుపుటకై పూర్వులు కనిపెట్టిన యుపాయమది. కాని నేడు తెలుగు ఇంటిపేరులకు వచ్చిన యాపద కొడుకులు లేకపోవుట వలన కాదు, పాస్‌పోర్టు దరఖాస్తులోని రెండు గడుల వలన. మొదట సొంతపేరు, తుదకు ఇంటిపేరు అను ఆ వరుసలో, గూడూరు కోవూరు ప్రాంతములనుండి అమెరికాకు పోయిన యువకుడు తన ఇంటిపేరును ఆ దేశపువారు పలుకలేరని తలచి, తన పేరు చివరనున్న రెడ్డియో నాయుడో ఆ గడిలో వ్రాయుచున్నాడు; లేదా తండ్రిపేరే బిడ్డలకు ఇంటిపేరగుచున్నది. మరుపూరువారు, పొణకావారు, నేదురుమల్లివారు, దొడ్లవారు సముద్రము దాటగానే అందఱును ‘మిస్టర్ రెడ్డి’ యగుట, మ్యూలియుసులు చేసిన పనికి సరిగా విలోమము: వారు లక్షలమంది పేరును వదలుకొని అరుదైనదానిని కల్పించుకొనిరి, మనవారు అరుదైనదానిని వదలుకొని లక్షలమంది పేరులో కలియుచున్నారు. వారిది కనీసము పాండిత్యపు గర్వము. మనది ఉచ్చారణకు జంకు. రెండింటిలో ఏది క్షమింపదగినదో నేను చెప్పనక్కరలేదు.

ఈ విషయమున నెల్లూరుసీమ ముందే యొక ఎదురుదారిని త్రొక్కియున్నది. 1913 మే 1న అలగానిపాడున పుచ్చలపల్లివారింట పుట్టిన సుందరరామిరెడ్డి, సాటిమనుష్యులనుండి తన్ను వేరుపరచు కులసూచకమును తానుగా త్రెంచివైచి సుందరయ్య యయ్యెను. తీసివేసినది వేలమందికి చెందిన తోకను, ఉంచుకొన్నది ఒక పల్లెపేరునుండి వచ్చిన ఇంటిపేరును. అట్లు నిలుపుకొన్న పుచ్చలపల్లిని మాత్రము కమ్యూనిస్టు ఉద్యమపు సహచరులు నిలువనిచ్చినారా! వారికి ఆయన జీవితాంతము ‘పి.ఎస్.’.