పటములోని పసుపు రంగు, పొలములోని పసుపు పంట
(ఒక వ్యవసాయ ప్రదర్శకుడు)



పట్టణాభివృద్ధికై తయారుచేయు పటములలో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క అర్థము గలదు. లేతాకుపచ్చ వ్యవసాయమునకు, ఊదా పరిశ్రమలకు, నీలము వ్యాపారమునకు గుర్తులు. పసుపు రంగు నివాసగృహములకు గుర్తు. పసుపు పండించు మన ఆర్మూరు ప్రాంతమున ఈ మాట వినినవారు నవ్వుదురు. పటముమీద పసుపు రంగు వ్యాపించిన కొలదియు పొలములో పసుపు పంట తగ్గును గదా! కాని యిది నవ్వి విడువదగిన విషయము కాదు. మీ సర్వే నంబరు ఏ రంగులో పడినదో దానినిబట్టియే ఆ భూమిలో ఏమి చేయవచ్చునో, ఏమి చేయరాదో నిర్ణయమగును. ఈ రంగుల విభాగములనే జోనులందురు.

గత పసుపు కాలములో నేనొక గ్రామమునకు ఆవిరితో పసుపు ఉడికించు పద్ధతిని చూపుటకు పోయియుంటిని. ఆ రైతు కళ్లమునకు మూడు ప్రక్కల ప్లాట్లు వెలసినవి, రెండిండ్లు లేచినవి. పొగయు దుమ్మును వచ్చుచున్నవని ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేయగా, ఇచ్చట పరిశ్రమ నడుపరాదని ఆయనకు నోటిమాటగా హెచ్చరిక వచ్చినదట. ఆయన నన్నడిగిన ప్రశ్న ఇది: “సారూ, పసుపు తవ్వుడు ఎవుసమైతే, ఉడకబెట్టుడు కార్ఖానా ఎట్లయితది? రెండు చేసేది నేనేనాయె!” ఆ దినమున నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు సమాధానముగా వ్రాయుచున్నాను.

పసుపు వరివంటి పంట కాదు. ఎనిమిది తొమ్మిది మాసములు నేలలో నుండి, జనవరి మొదలు త్రవ్వకమునకు వచ్చును. త్రవ్విన దుంపను అట్లే అమ్మిన మంచి ధర రాదు. కాడిని, గోళను వేరుచేసి, త్రవ్విన కొద్ది దినములలోనే ఉడికింపవలెను. నురుగు పొంగి, తెల్లని ఆవిరితో పసుపు వాసన వచ్చువరకు ఉడికించి, పిమ్మట పలుచగా పరచి పది పదిహేను దినములు ఎండలో ఆరవేయవలెను. రాత్రులందు కప్పిపెట్టవలెను. ఎండిన పిదప డ్రమ్ములో త్రిప్పి పాలిషు పట్టవలెను. ఐదు పాళ్ల పచ్చిపసుపునకు దక్కునది సుమారు ఒక పాలు ఎండు సరకు. ఈ పనులన్నియు పొలము చెంత జరిగిననే గిట్టుబాటు. కళ్లమును ఊరికి దూరముగా తరలించినచో ఐదు పాళ్ల బరువును మోయించుటకు కిరాయి రైతే భరింపవలెను. కావున కళ్లము పొలములో ఒక భాగమేకాని వేరొక వ్యాపారము కాదు.

ఇక నియమముల పుట్టుకను గూర్చి కొంచెము తెలిసికొందము. బొగ్గు పొగలు క్రమ్ము కార్ఖానాలను ఇండ్లనుండి వేరుచేయవలెనను తలంపుతో పాశ్చాత్య నగరములలో ఈ విభజన ప్రబలినది. న్యూయార్కు నగరము 1916లో తన జోనుల శాసనమును చేసినది. మన ప్రక్క మద్రాసు రాజధానిలో 1920లో పట్టణ ప్రణాళికా చట్టము వచ్చినది. తరువాతి కాలమున తెలంగాణ పట్టణముల మాస్టరుప్లానులకును ఆ చట్టమే ఆధారమైనది. ఆ చట్టమును చేసినవారి కండ్లకు గనబడినది పెద్ద నగరములోని మిల్లు; పంట చేతికి వచ్చిన మూడు నాలుగు మాసములు మాత్రమే పొగ పెట్టు పల్లెటూరి కళ్లము కాదు. ఇల్లు, అంగడి, కార్ఖానా, పొలము అని నాలుగు గీతలు గీచినచో, పొలమునకును కార్ఖానాకును నడుమనున్న మన కళ్లమునకు చోటు దొరకదు. నియమమునకు దురుద్దేశము లేదు. దానికి వయస్సు మీరినది.

మన పట్టణమో, వేగముగ పెరుగుచున్నది. 44వ, 63వ జాతీయ రహదారులు ఇచ్చటనే కలియుచున్నవి. పెద్దపల్లి–నిజామాబాదు రైలుమార్గము 2017లో పూర్తియైనది. ఒకప్పుడు వేరు గ్రామములైన పెర్కిట్, మామిడిపల్లి నేడు మున్సిపాలిటీలో భాగములు. గ్రామము పట్టణములో కలిసినపుడు పొలము కదలదు, కళ్లము కదలదు. వాటిపై నియమము మాత్రము మారును.

ఇట్టి చిక్కు మనకొక్కరికే కాదు. జపాను దేశమున 1968 నాటి నగర ప్రణాళికా చట్టము పట్టణ పరిధిలోని పొలములను ఇండ్లకై విడువవలసిన నేలగానే యెంచినది. దాదాపు ఐదు దశాబ్దముల అనుభవము పిమ్మట వారు మనస్సు మార్చుకొని, 2018లో నివాసమును సాగును కలిసియుండు ఒక క్రొత్త జోనును చేర్చిరి. దానిలో చిన్న యిండ్ల నడుమ పొలముండవచ్చును. పండిన దానిని నిలువచేయుటకు, శుద్ధిచేయుటకు, అమ్ముటకు కట్టడములును నిర్ణీత పరిమాణములో ఉండవచ్చును. అంతటి పారిశ్రామిక దేశమే పొలమునకు ఊరిలో చోటిచ్చినపుడు, మనము అడుగుట తప్పగునా?

మన దేశములోను ఒక మంచి మార్గము గలదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో పరిశ్రమలను అవి చేయు కీడునుబట్టి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు అను తరగతులుగా విభజించినది. ఆ పట్టికలో మసాలా దినుసులు పొడిచేయు మరకు 20 హెచ్.పి. మోటారు వరకు ఆకుపచ్చ తరగతి, అంతకు మించినచో నారింజ తరగతి. ఇచ్చట పేరునుబట్టి గాక పరిమాణమునుబట్టి తీర్పు జరిగినది. జోనుల నియమములును ఈ త్రోవనే పట్టవలెను. “ఇది పరిశ్రమయా?” అని గాక, “దీనివలన పొరుగువానికి ఎంత పొగ, ఎంత దుమ్ము, ఎంత చప్పుడు, ఎన్ని దినములు?” అని అడుగవలెను.

ఇట్లు చెప్పుటలో పొరుగువాని పక్షమును మరువరాదు. పాలిషు డ్రమ్ము దుమ్ము చంటిబిడ్డల ఊపిరితిత్తులకు మంచిది కాదు; అది మన బిడ్డలకును మంచిది కాదు. పొయ్యిలో ప్లాస్టిక్కు, పాత టైర్లు కాల్చువాడు నియమము పాతదని సాకు చెప్పరాదు. ఎత్తైన పొగగొట్టము, డ్రమ్మునకు దుమ్ము ఆపు గది, రాత్రివేళ యంత్రమునకు విరామము: ఈ మూడును మనమే ముందుగా పాటించినచో మన కోరికకు బలము చేకూరును.

ఇప్పుడు హెచ్చరికయైన ఒక సంగతి. పూర్వము మన జిల్లాలోనిదై, 2016లో వేరు జిల్లాయైన కామారెడ్డిలో 2022 చివర మున్సిపాలిటీవారి ముసాయిదా మాస్టరుప్లాను వెలువడినది. అడ్లూరు ఎల్లారెడ్డి మొదలగు గ్రామముల రైతులు తమ సాగుభూములు పారిశ్రామిక జోనులో చూపబడెనని ఆందోళనకు దిగిరి. తుదకు 2023 జనవరి 20వ తేదీన మున్సిపల్ కౌన్సిలు ఆ ముసాయిదాను రద్దుచేయవలెనని తీర్మానించినది. రైతుల మాట నెగ్గినది, నిజమే. కాని పటము తయారగుచున్నపుడే ఊరూర దండోరా వేయించి, సర్వే నంబర్ల జాబితాను తెలుగులో చదివి వినిపించియున్నచో, అన్ని దినములు రోడ్డుమీద గడుపవలసిన పని యుండెడిదా? మరియొక సంగతి: రద్దువలన క్రొత్త పటము ఆగినది గాని, పాత నియమములోని లోపము తీరలేదు. వద్దనుట ఒక పని. ఏమి కావలెనో చెప్పుట మరియొక పని. రెండవది లేనిదే మొదటిదానివలన పూర్తి ఫలము రాదు.

మనమేమి కోరవలెను? నా మనవి యిది. మొదటిది, రైతు తన పంటను ఉడికించుట, ఆరవేయుట, పాలిషు పట్టుట వ్యవసాయములో భాగమని నియమములో స్పష్టముగా వ్రాయవలెను. రెండవది, ఇతరుల సరకును కూలికి పట్టు యంత్రములకు మోటారు శక్తి, ఇండ్లనుండి దూరము, పనిచేయు మాసములనుబట్టి సులభమైన అనుమతి యుండవలెను. మూడవది, కొత్త లేఅవుట్లకు అనుమతి యిచ్చునపుడు పాత కళ్లములను గుర్తించి నడుమ ఖాళీస్థలము విడిపింపవలెను. ముందునుండి యున్న కళ్లమును పిమ్మట వచ్చిన యిల్లు వెళ్లగొట్టరాదు. నాల్గవది, పట్టణపు అంచున సహకార సంఘముల ఆధీనములో ఉమ్మడి కళ్లములకై భూమిని పటములోనే కేటాయింపవలెను.

రాజ్యాంగమునకు 1992లో చేసిన 74వ సవరణ చేర్చిన 12వ షెడ్యూలులో, మున్సిపాలిటీలకు అప్పగింపదగిన పనులలో పట్టణ ప్రణాళికయే మొదటిది. భూవినియోగ నియంత్రణము రెండవది. కావున మన వార్డు సభ్యునికి ఇది సంబంధములేని సంగతి కాదు. ముసాయిదా వెలువడినపుడు మీరు చేయవలసిన పని కొంచెమే. పట్టాదారు పాసుపుస్తకములోని సర్వే నంబరును పటముతో పోల్చి చూడుడు. రంగు తెలియనిచో అడిగి తెలిసికొనుడు. ఆక్షేపణను రెండు ప్రతులుగా వ్రాసి, ఒకదానిపై తేదీతో ముద్ర వేయించుకొనుడు. గడువు దాటనీయకుడు. ఒక్కొక్కరు వేరుగా వ్రాయుటతోబాటు సంఘము తీర్మానమును జతపరచినచో మరింత మేలు.

ఐకమత్యము మనకు క్రొత్త కాదు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదున పోటీచేసిన 185 మందిలో 178 మంది రైతులే. పసుపు బోర్డు కావలెనన్నది వారి ముఖ్యమైన కోరిక. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదున ప్రారంభమైనది. పంటకు బోర్డు వచ్చినది. ఆ పంటను ఆరవేయుటకు కళ్లము మిగులవలెను గదా. ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశములో చర్చకు పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాను. నన్ను ప్రశ్నించిన ఆ రైతు సోదరునికి నా సమాధానము: పసుపు ఉడకబెట్టుట వ్యవసాయమే. కాని ఆ మాటను నియమములో వ్రాయించు భారము మనదే.