పేరు అదే, పిట్ట వేరు

ఇంగ్లండులో మ్యాగ్‌పై అను పక్షి కలదు. నలుపు తెలుపుల దేహము, పొడవైన తోక, కర్కశమైన గొంతు గల ఆ పక్షి కాకిజాతికి చెందినది. ఆస్ట్రేలియాలోను మ్యాగ్‌పై కలదు. దానికిని నలుపు తెలుపులే; కాని అది కాకికి చుట్టము కాదు, దాని కంఠమున పిల్లనగ్రోవి పలికినట్లుండును. తొలినాళ్ళలో ఓడ దిగిన ఆంగ్లేయులు దానిని చూచి, రంగునుబట్టి తమ ఊరి పిట్ట పేరే పెట్టుకొనిరి. ఎఱ్ఱరొమ్ము గల మరొక చిన్నపక్షిని రాబిన్ అనిరి. అదియు ఇంగ్లండు రాబిన్ కాదు. తెలియని నేలపై తెలిసిన పేర్లు పలుకుకొనుటలో ఎంత బెంగ దాగియున్నదో ఆలోచించినచో మనసు ద్రవించును.

1688లో యోహానెస్ హోఫర్ అను స్విట్జర్లండు వైద్యుడు, పరదేశములలో కృశించిపోవువారి వ్యథకు, ఇల్లు చేరుట, నొప్పి అను అర్థములు గల రెండు గ్రీకు మాటలను అతికి నోస్టాల్జియా అని పేరుపెట్టి, దానిని ఒక రోగముగా వర్ణించి సిద్ధాంతవ్యాసము వ్రాసెను. మనకు అంత ప్రయాస లేదు; బెంగ అన్న చాలును. క్రొత్తగా అత్తవారింటికి పోయిన పిల్ల ముద్ద దిగక కూర్చున్నచో, చూచినవారు “ఇంటిమీద బెంగ పెట్టుకొన్నదమ్మా” అని తల నిమిరి దగ్గరకు తీసికొందురు. బెంగను బెంగ యని ఒప్పుకొను మనుష్యులు చుట్టునుండుట సగము మందు. ఆ సగము మందు దొరకని ఒక జనసమూహమును గూర్చి నేను చెప్పదలచితిని.

రెండవ ప్రపంచయుద్ధము ముగియగానే, జనసంఖ్య చాలని ఆస్ట్రేలియా, తన మొదటి వలసశాఖామంత్రి ఆర్థర్ కాల్వెల్ పూనికతో, బ్రిటిషు కుటుంబములను సాయపుటోడలపై రప్పించుకొనుటకు ఏర్పాటు చేసెను. పెద్దవారికి తలకు 10 పౌండ్లు, చిన్నపిల్లలకు ఉచితము. చేరినపిదప రెండేండ్లైనను నిలువవలెను, నిలువనిచో ప్రయాణపు ఖర్చు తిరిగి చెల్లించుకొనవలెను. బాంబులకు కూలిన వీథులు, రేషను చీట్లు, ఎడతెగని చినుకు, వీనిమధ్య విసిగియున్న వారికి గోడపత్రములలోని ఆ సూర్యకాంతి ఎట్లు కనబడియుండునో ఊహింపవచ్చును. 1972 నాటికి పదిలక్షలకు పైబడి జనము ఈ దారిన తరలిపోయిరి. ‘పది పౌండ్ల పామ్’లని వారికి పేరు నిలిచిపోయినది, పామ్ అనగా అక్కడివారు బ్రిటిషువానిని పిలుచు మాట.

వీరికి భాష క్రొత్తది కాదు. నాణెముపై ముఖము తమ రాణిదే. బండ్లు ఎడమప్రక్కనే నడచును. చట్టము దృష్టిలో వీరు పరదేశీయులే కారు. 1984 వరకు, ఆస్ట్రేలియా పౌరసత్వము తీసికొనకయే ఓటర్ల జాబితాలో పేరు వ్రాయించుకొనగలిగిరి. దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరమునకు ఉత్తరమున 1955లో వెలసిన క్రొత్తపట్టణమునకు రాణి పేరనే ఎలిజబెత్ అని నామకరణము చేసిరి. ఆ పట్టణపు టిండ్లలో ఇంగ్లండు, స్కాట్లండు యాసలే వినబడెడివి. ఇన్ని సౌకర్యములుండగా ఇక లోటేమి యని మనకు తోచును. లోటు సరిగా అక్కడనే ఉన్నది. గ్రీసు నుండియో ఇటలీ నుండియో వచ్చినవాడు దిగులుపడినచో, పాపము పరాయిదేశము గదా అని లోకము జాలిపడును. బ్రిటిషువాడు దిగులుపడినచో, “నీకేమి తక్కువయినది?” అని అడుగుదురు. సణుగుడు పామ్ అను నింద ఒకటి ఆ దేశమున సామెతవలె పాతుకొనిపోయినది. ఆ నిందకు వెఱచి ఎందరు స్త్రీలు, ఎందరు పురుషులు తమ బెంగను దిగమ్రింగుకొనిరో! హామర్టన్, థామ్సన్ అను చరిత్రకారు లిరువురు 2005లో వీరి చరిత్రను గ్రంథముగా వెలువరించుచు, శీర్షికలోనే వీరిని కనబడని వలసజనులనిరి. ఇంతకంటె తగిన మాట నాకు తోచదు.

మొదటి దెబ్బ, వచ్చినవారిని తొలుత ఉంచిన హాస్టళ్ళలో తగిలెడిది. సైన్యము విడిచిన నిస్సెన్ గుడిసెలు, అనగా పీపాను నిలువునా చీల్చి బోర్లించినట్లుండు ముడుతల రేకుల పాకలు, మధ్యాహ్నమునకు కుంపటివలె కాగెడివి. ఒకే భోజనశాల, ఉమ్మడి స్నానపు గదులు, పలుచని అడ్డుగోడ కావల ఏడ్చు పొరుగుబిడ్డ. తన యింట తన పొయ్యిపై టీ కాచుకొనిన ఇల్లాలికి వరుసలో నిలిచి పళ్ళెము చాచుట ఎంత చిన్నతనముగా తోచునో వేరుగా చెప్పవలెనా?

రేకుల పాక విడిచి సొంతయింట చేరినపిదప ఆకాశము దెబ్బ తీయ మొదలుపెట్టును. మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరముగా నిలుచును. దక్షిణపు కిటికీ ఉన్న గది వెచ్చనిదని పుట్టినది మొదలు ఎఱిగినవారికి ఇచట ఆ గదియే చల్లనిది. చంద్రునిలోని మచ్చ తలక్రిందుగా కనబడును. డిసెంబరు ఇరువదియైదున, ఎండ 40 డిగ్రీల దాపునకు పోవు దినములలో, ఇల్లాలు ఎండుద్రాక్షలు, కొవ్వు, సుగంధద్రవ్యములు కలిపిన పుడ్డింగును గంటల తరబడి ఆవిరిపై ఉడికించుచు, పొయ్యిలో మాంసము కాలుచుండగా, నొసటి చెమట మోచేతితో తుడుచుకొనుచు నిలుచును. ఆ పూట తినదగినది ఆ వంట కాదని ఆమెకును తెలియును. అయినను ఆ వాసన లేనిచో అది పండుగ కాదు. సంక్రాంతికి అరిసెల పాకము వాసన రాని యింట ఎట్లుండునో ఎఱిగిన మనకు ఆమెను ఓదార్చుటకు వేరు మాటలు వెదకనక్కరలేదు.

తల్లికి జాబు వ్రాయుటకు లేతనీలపు విమానపు కాగితము వాడెడివారు. మన ఇన్లాండు కవరువలెనే ఒక్క కాగితమే మడిచి అంటించునది. లోపల ఫొటో పెట్టుటకు వీలులేదు. స్థలము చాలక అక్షరములు చిన్నవగుచు, అంచువెంబడి ప్రాకి, చిరునామా వెనుకవైపునకు చేరును. అందుకొన్నవారు తొందరలో చించినచో ఒక వాక్యమంతయు అంచుతో కూడ పోవును. మరణవార్త మాత్రము తంతిలో నాడే చేరెడిది. ఓడకు నాలుగైదు వారములు పట్టెడిది. తల్లిని మట్టిలో కలిపినారన్న సంగతి తెలిసికొని కొడుకు మరునాడు కర్మాగారమునకు పోవలసినదే. విమానములు చౌకయై, ఫోను తెర తళుకుమనుచున్న నేటికిని ఈ దూరము పూర్తిగా తరుగలేదు. అడిలైడుకు లండనుకు మధ్యగల కాలవ్యత్యాసమైనను నిలకడగా ఉండదు. రెండు దేశములు గడియారములను ఎదురెదురుగా జరుపుటచే ఒక ఋతువున ఎనిమిదిన్నర గంటలు, మరొక ఋతువున పదిన్నర. కూతురు నిద్రలేచువేళకు తల్లి పడకచేరును.

వచ్చినవారిలో సుమారు నాలుగవవంతు తిరిగి ఇంగ్లండు చేరిరి. చేరి చూడగా తాము కలలుగన్న వీథి లేదు, ఇరుగుపొరుగు చెదరిపోయినది, చినుకు మాత్రము ఆగలేదు. వారిలో సగమువరకు మరల ఆస్ట్రేలియాకే వచ్చిరి. వారిని బూమరాంగ్ పామ్‌లనిరి. వీరిని చపలచిత్తులని ఆక్షేపించుట నాకు అన్యాయమని తోచును. రెండు తీరములను ఒకేసారి ప్రేమించిన మనిషి రెంటను పరాయివాడగుట అతని తప్పు కాదు.

వృద్ధాప్యమున మరొక గాయము కలదు. ఇంగ్లండులో చందా కట్టి ఆర్జించిన ప్రభుత్వ పింఛను అచటి నివాసులకు ఏటేట పెరుగును. అమెరికాలో ఉన్నవారికిని పెరుగును. ఆస్ట్రేలియా, కెనడాలలో స్థిరపడినవారికి మాత్రము మొదట అందుకొన్న మొత్తమే జీవితాంతము. పరస్పర ఒప్పందము లేకపోవుటయే కారణమందురు. 2010లో స్ట్రాస్‌బర్గు మానవహక్కుల న్యాయస్థానము సైతము పింఛనుదారుల మొఱ ఆలకింపలేదు. భారతదేశమును ఈ జాబితాలోనిదే. ఇంగ్లండులో పనిచేసి విశ్రాంతికై స్వగ్రామము చేరిన మన తెలుగువారును ఈ గడ్డకట్టిన పింఛనుతోనే కాలము గడుపవలెను.

2021 జనాభా లెక్కలలో ఆస్ట్రేలియాలో నివసించు విదేశజాతులలో, అనగా పరదేశమున పుట్టినవారిలో, ఇంగ్లండులో పుట్టినవారే మొదటివారు, తొమ్మిదిలక్షలకు పైన; రెండవవారు భారతీయులు. వీరికి ముందు ఓడ దిగిన ఆ తొలినాటి ఆంగ్లేయులు, పిట్టలకు పేర్లు పెట్టుటతో తృప్తిపడక, తమ దేశపు ప్రాణులనే ఓడలపై తెచ్చిరి. 1859లో విక్టోరియాలో ఒక భూస్వామి వేటకై విడిచిన ఇరువది నాలుగు కుందేళ్ళ సంతతి ఆ ఖండపు పచ్చికను నాశనము చేసినది. కాని ఆ శతాబ్దముననే తెచ్చి వదలిన బ్లాక్‌బర్డ్ అను నల్లపిట్ట అడిలైడు తోటలలో స్థిరపడినది. పేరును అదే, పిట్టయు అదే. ఇంగ్లండులో అది శీతకాలాంతమున గొంతు సవరించుకొని జూలైతో మౌనము వహించును. ఇచట అది లెక్క మార్చుకొన్నది. సెప్టెంబరు తెల్లవారుజామున, ఇంగ్లండు తోటలలో దాని జాతి మౌనముగా ఉన్నవేళ, కంచెపై కూర్చుండి పాడును. వంటింటి తలుపు తెఱచి, టీకప్పు చేతబట్టి, ఒక ముసలామె చెప్పులు లేకుండ గడపపై నిలిచి వినుచుండును.