అద్దం ఎనుక అర్ర లేదు

స్పైడర్ మ్యాన్ ఆట వీడియోలు మన ఊర్లల్ల పోరగాండ్లు కూడా ఫోన్ల మస్తు చూస్తున్నరు. 2018ల ఇన్‌సోమ్నియాక్ గేమ్స్ అనే అమెరికా కంపెనీ చేసిన ఆట అది. న్యూయార్క్ మేడల నడుమ హీరో ఊగుకుంట పోతుంటే, దాటిపోయే కిటికీల్ల అర్రలు కనబడ్తయి. గోడలు, బల్లలు, దీపాలు. మనం జర పక్కకు జరిగితే లోపటి గోడ కూడా జరిగినట్టే ఉంటది. నిజంగ ఆడ ఎవలో సంసారం చేస్తున్నరేమో అనిపిస్తది.

ఎవ్వలు లేరు. సంసారం కాదు, అసలు అర్రనే లేదు. అద్దం ఎనుక ఉన్నది వట్టి చదును గోడ.

ఈ ముచ్చట ఎందుకు ఎత్తుకున్ననంటే, మనం ఆటలు గంటలకు గంటలు ఆడుతున్నం. తుపాకికి రంగు ఏసుకునేతందుకు, మనిషికి అంగీ మార్చేతందుకు పైసలు కడుతున్నం. గని ఆ ఆట ఎట్ల తయారైతదని అడిగేటోళ్లు తక్కువ. తెల్వనోనికి అంత మాయనే. తెలిసినోనికి అది పనితనం. మాయనైతే చూసి నోరు తెరుస్తం, పనితనమైతే నేర్చుకుంటం. ఒక్క కిటికీని పట్టుకుని ఆ తేడా చెప్త.

కిటికీకి ఎందుకంత బరువు?

ఆట సాఫీగ నడవాల్నంటే ఫోనో కంప్యూటరో సెకనుకు 60 బొమ్మలు గియ్యాలె. అంటే ఒక్క బొమ్మకు దొరికేది సుమారు 16 మిల్లీసెకన్లు. అండ్లనే చెట్లు, మనుషులు, నీడలు, తూటాలు అన్నీ అయిపోవాలె.

గోడ ఉన్నదంటే మిషన్‌కు నిమ్మళం. గోడ ఎనుక ఉన్నదాన్ని గియ్యకుంట వదిలెయ్యొచ్చు. అదే గోడకు కిటికీ పెడితే కత మారుతది. ముందుగాల లోపటిది గియ్యాలె, దాని మీద అద్దం రంగు పుయ్యాలె. ఒకదాని ఎనుక ఒకటి నాలుగు అద్దాలుంటే, అదే జాగ మీద నాలుగు సార్లు పుయ్యాలె. పాత ఫోన్లు వేడెక్కేది, ఆట ఆగి ఆగి నడిచేది ఇసొంటి కాడనే. గందుకే ఆటల జాగలు కట్టేటోళ్లు, అంటే లెవల్ డిజైనర్లు, కిటికీ పెట్టేముందు పైసలు లెక్కపెట్టుకున్నట్టు లెక్కపెట్టుకుంటరు.

దూరంకెల్లి నలుపు, దగ్గరికొస్తే అద్దం

2004ల వాల్వ్ కంపెనీ హాఫ్ లైఫ్ 2 అనే ఆట తెచ్చింది. ఆ ఆట జాగలు కట్టేతందుకు హ్యామర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటది. అండ్ల కిటికీకి ఒక ఉపాయం పెట్టిన్రు. నువ్వు దూరంగ ఉన్నంతసేపు అద్దం నల్లగనో, మసక రంగులనో కనబడ్తది. లోపట ఏమున్నదో మిషన్ అసలు పట్టించుకోదు. నువ్వు దగ్గరికి నడుస్తుంటే ఆ నలుపు మెల్లెమెల్లగ కరిగి అద్దం తేటగైతది. అప్పుడు లోపటి అర్రను గియ్యబడ్తది. ఎంత దూరంల కరుగుడు మొదలు కావాల్నో, ఎంత దూరంల పూరా తెరుచుకోవాల్నో కట్టేటోళ్లే అంకెలు ఇస్తరు.

మిట్ట మధ్యాహ్నం రోడ్డు మీద నిలబడి ఏ ఇంటి కిటికీ దిక్కు చూసినా మనకు నల్లగనే కొడ్తది కదా. బయట ఎండ ఎక్కువ, లోపట ఎలుగు తక్కువ. ఈ ఉపాయం మన కంటికి ఉన్న ఆ అలవాటు మీదనే నడుస్తది. గందుకే చూసేటోనికి మోసం అనిపియ్యది.

అద్దంల మెరుపు సంగతి కూడా గట్లనే. ఆ ఆటల అక్కడక్కడ ఒక చుక్క పెట్టి, అక్కడికెల్లి ఆరు దిక్కులు ఫోటోలు తీస్తరు: నాలుగు పక్కలు, పైన, కింద. ఆ ఆరు ఫోటోల డబ్బను క్యూబ్‌మ్యాప్ అంటరు. అద్దం మీద మెరిసేది ముందే తీసిపెట్టిన ఆ ఫోటోనే. అద్దం ముంగట నువ్వు నిలబడ్డా నీ ముఖం అండ్ల కనబడదు. ఫోటో తీసిననాడు నువ్వు ఆడ లేవు మరి!

లేని అర్రను చూపెట్టుడు

ఇగ మొదట చెప్పిన మేడల కాడికి పోదాం. నెదర్లాండ్స్‌కు చెందిన యూస్ట్ ఫాన్ డోంగెన్ 2008ల ఒక పద్ధతి రాసిండు. దాని పేరు ఇంటీరియర్ మ్యాపింగ్. గోడ చదునుగనే ఉంటది. తెర మీద ఒక్కొక్క చుక్క గీసేటప్పుడు మిషన్ ఒక్కటే ప్రశ్న అడుగుతది: కన్ను కాడికెల్లి ఈ చుక్క గుండ లోపటికి ఒక దారం గుంజితే, అక్కడ అర్రనే ఉంటే, ఆ దారం దేనికి తాకుతుండె? నేలకా, కప్పుకా, పక్క గోడకా, ఎనుక గోడకా? దేనికి తాకితే దాని రంగు ఏస్తది. గంతే. నువ్వు జరిగితే దారం వంపు మారుతది, అర్ర కూడా జరిగినట్టు కొడ్తది. నడుమ కుర్చీ, మనిషి కావాల్నంటే ఒక పల్చటి బొమ్మను అర్ర నడుమ నిలబెట్టినట్టు అదే లెక్కల కలుపుతరు.

వెయ్యి కిటికీలున్నా ఒక్క అర్ర కట్టే పని లేదు. 2013ల వచ్చిన సిమ్ సిటీల ఇదే పద్ధతి వాడిన్రు, స్పైడర్ మ్యాన్‌ల కూడా ఈ కోవదే. దీనికి ఒక లొసుగు ఉన్నది. మేడ మూలమలుపు కాడ నిలబడి చూస్తే, ఈ పక్క కిటికీల ఒక అర్ర, ఆ పక్క కిటికీల ఇంకో అర్ర కనబడొచ్చు. అసలైతే రెండు కిటికీలు ఒక్క అర్రకే ఉండాలె కదా. ఈసారి ఆట వీడియో చూసేటప్పుడు మూలల కాడ ఆపి చూడుండ్రి.

ఎండను ముందుగాల్నే వండిపెట్టుడు

కిటికీల నుంచి పడే ఎండకు ఇంకో లెక్క. 1996ల వచ్చిన క్వేక్ ఆటల ఎలుగంత ముందే లెక్కగట్టి గోడల మీద, నేల మీద అచ్చేసిపెట్టిన్రు. కట్టేటోళ్ల మిషన్ గంటలు కష్టపడ్తది, ఆడేటోళ్ల మిషన్ అయిన వంట వడ్డించుకుంటది. ఇంగ్లీషుల కూడా దీన్ని బేకింగ్ అనే అంటరు. నష్టమేందంటే పొద్దు వాలినా ఆ ఎండ కదలది.

దుమ్ముల నుంచి ఏటవాలుగ దిగే ఎండ పాయలు కూడా శానా ఆటలల్ల వట్టి పల్చటి రేకులే. కిటికీ కాడికెల్లి నేల దాక ఒక రేకు వాల్చి, పైన తెల్లగ, కిందికొచ్చేసరికి మాయమయ్యేటట్టు రంగు ఏస్తరు. నాలుగు దుమ్ము రేణువులు తేలాడిస్తరు.

నువ్వు కూడా చేసి చూడు. గోడాట్ అనే ఆటలు చేసే సాఫ్ట్‌వేర్ 2014 నుంచి అందరికి తెరిచే ఉన్నది, రూపాయి కట్టే పని లేదు. దాన్ని ఆండ్రాయిడ్ ఫోన్‌ల కూడా ఎక్కించుకోవచ్చు. నేల, మూడు గోడలు, కిటికీ సందున్న ఇంకో గోడ పెట్టు. మీ ఇంటి కిటికీ కడ్డీల ఫోటో ఎలుగుకు ఎదురుంగ తియ్యి. లేకుంటే హైదరాబాద్ల పైగా సమాధుల జాలీల ఫోటో తెచ్చుకో, అండ్ల రకరకాల అల్లికలున్నయి. ఫోటోను నలుపు తెలుపు చేసి, నలుపు జాగను కనబడకుంట చెయ్యి. తెలుపు మిగిలిన ఆ బొమ్మను జర సాగదీసి నేల మీద పరువు. కిటికీ నుంచి ఒక రేకు వాల్చు. పాత ఫోన్‌ల కూడా నీ అర్రల ఎండ పడ్తది.

ఈ విద్య ఎవలది?

కౌంటర్ స్ట్రైక్ ఆటను 1999ల మొదలుపెట్టింది పెద్ద కంపెనీ కాదు. మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు పడుచు పోరగాండ్లు హాఫ్ లైఫ్ ఆటను మార్చుకుంట చేసిన్రు. దాని పేరు వాల్వ్ చేతికి తర్వాత పోయింది. ఆ ఆటల డస్ట్ అనే జాగను లోకమంత ఎరుగుతది. దాన్ని కట్టిన డేవ్ జాన్‌స్టన్ అప్పటికి బ్రిటన్‌ల బడి ఈడు పోరడు. వీళ్లకు గేమ్ డిజైన్ పట్టా లేకుండె. చేతికి పనిముట్లు దొరికినయి, విప్పి చూసే అలవాటు ఉండె.

ఇది నేర్చుకుంటే కొలువు ఖాయమని నేను చెప్తలేను. 2023, 2024ల గేమ్ కంపెనీలు లోకమంత వేల మందిని తీసేసినయి. కొలువు ఖాయమని లక్షల ఫీజు అడిగేటోళ్ల మాట నమ్మకుండ్రి. పనిముట్లు ఉచితం, నేర్పే వీడియోలు ఉచితం, ముందుగాల ఆర్నెల్లు ఆటితోని పనిచేసి చూడుండ్రి.

ఇంకో మాట. న్యూయార్క్ కిటికీలు లోకమంత చూసింది. హాఫ్ లైఫ్ 2ల ఊరికి రూపం ఇచ్చిన విక్టర్ ఆంటొనోవ్ బల్గేరియాల పుట్టినోడు. తను పెరిగిన సోఫియా నగరం గోడలను ఆ ఆటలకు తీసుకపోయిండు. మరి మన ఇనుప కడ్డీల కిటికీ, మన పెంకుటింటి సందుల నుంచి దిగే ఎండ, దర్వాజ మీది గూడు ఏ ఆటల ఉన్నయి? ఆటిని బయటోడు వచ్చి కట్టడు. కడ్తే తప్పుగ కడ్తడు. మన ఇంట్ల ఎండ ఏ యాళ్లకు యాడ పడ్తదో మనకే ఎరుక.

తుపాకి రంగుకు కట్టే పైసలు ఒక్క నెల ఆపుండ్రి. ఆ గంటలల్ల ఒక్క కిటికీ కట్టుండ్రి.