కటిశూలకు తైలము సగము, వ్యాయామము సగము

గౌతమీ తీరమున కపిలేశ్వరపురం, అంగర పరిసరములలో మగ్గమున్న ఇండ్లకు నడుము నొప్పి కొత్త కాదు. నేతగాడు గుంటలోనికి కాళ్లు దించి, ముందుకు వంగి పగలంతయు నాడె ఆడించును. కొబ్బరి దింపువారికిని, నాట్లు వేయు స్త్రీలకును ఇదే బాధ. నడుము పట్టిన నాడు కూలి లేదు. అందుచే వైద్యుని వారడుగునది ఒక్కటే: "అయ్యా, మంచి తైలమేదైన ఇప్పించండి." తైలము ఇత్తును, కాని అది సగము వైద్యమే.

కారణము

కటిశూల వాతజన్యము. కాలిలోనికి పాకు నొప్పిని గృధ్రసి అందురు. చరకుడు చెప్పిన 80 వాతవికారములలో ఇదియు ఒకటి. వెన్నును నిలుపునవి ఎముకలు మాత్రమే కావు. కడుపును చుట్టిన లోపలి కండరములు, వెన్నుపూసలనంటిన చిన్న కండరములు, పిరుదుల కండరములు కలిసి నడుమునకు దట్టీవలె పనిచేయును. ఈ దట్టీ సడలినచో భారమంతయు పూసలపై పడును.

పూర్వము నేనును "మూడు వారములు మంచము దిగవద్దు" అని చెప్పినవాడనే. అది పొరపాటని రోగులే నేర్పిరి. నొప్పి తగ్గి వెళ్లినవారు, తిరిగి మగ్గమున కూర్చున్న వారమునకే వచ్చుచుండిరి. పడకలో కండరములు మరింత క్షీణించుటయే దీనికి కారణము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సూచనలును దీర్ఘకాల నడుము నొప్పికి వ్యాయామమును చికిత్సగా పేర్కొన్నవి. నడుము పట్టీలు వలదన్నవి.

చేయు విధము

ఉదయము, భోజనమునకు ముందు, చాపపై చేయవలెను.

1. వెల్లకిల పండుకొని మోకాళ్లు మడిచి, పాదములు నేలనానించి, పిరుదులను మెల్లగా పైకెత్తవలెను.

2. అరచేతులు, మోకాళ్లు నేలనానించి వంగి, కుడిచేయి ముందుకు, ఎడమకాలు వెనుకకు చాపవలెను. పిదప రెండవ ప్రక్క. నడుము ఊగరాదు.

3. ప్రక్కకు ఒరిగి మోచేయి, మడిచిన మోకాళ్లు ఆధారముగా తుంటిని పైకెత్తవలెను. రెండు ప్రక్కలును చేయవలెను.

ప్రతిదానిలోను కడుపును కొద్దిగా బిగించి 5 సెకనులు నిలువవలెను; శ్వాస బిగపట్టరాదు. మొదట 5 సార్లు, క్రమముగా 10 సార్లు చేయవలెను. శక్తిలో సగమే వినియోగింపుమని అష్టాంగహృదయము చెప్పును. నుదుట చెమట పట్టినంతనే ఆపవలెను. ఇవి తప్ప వేరు వ్యాయామము పనికిరాదని కాదు; నడకయు మేలే. విడువక చేయుటయే ముఖ్యము.

వ్యాయామము చేసిన నాడు సాయంకాలము గోరువెచ్చని నువ్వుల నూనె మర్దించి, వావిలాకు మరగించిన నీటితో కాపడము పెట్టిన హాయి కలుగును. మగ్గము వద్ద అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను.

జాగ్రత్త

కాలు బలము తగ్గుట, మర్మస్థానమున తిమ్మిరి, మలమూత్రములు అదుపు తప్పుట, జ్వరము, కారణము లేక చిక్కిపోవుట, క్రింద పడిన పిదప వచ్చిన నొప్పి: వీటిలో ఏది కనిపించినను వ్యాయామము మాని వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను. గర్భిణులు, శస్త్రచికిత్స అయినవారు వైద్యునడుగక చేయరాదు.

మొదటి వారమున ఫలము కనిపించలేదని విడువకుడు. రెండు మూడు నెలలు ఓపిక పట్టుడు. బజారులో కొన్న పట్టీ సాయంత్రము విప్పవలెను. కండరములతో కట్టిన దట్టీ నిద్రలోను మీతోనే ఉండును.