వీడియో ఫైలును చిన్నది చేయునపుడు పోవునదేమి?

ఒక మీటరు పొడవుగల లోలకము ఊగుటను ఒక ఉపాధ్యాయుడు ఒక నిమిషముపాటు వీడియో తీసినాడనుకొందము. చిత్రములో అడ్డముగా 1920, నిలువుగా 1080 బిందువులు కలవు. బిందువునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలములకు ఒక్కొక్కటి చొప్పున మూడు బైట్లు. సెకనుకు 25 చిత్రములు. గుణించి చూచినచో సెకనుకు 15,55,20,000 బైట్లు వచ్చును. నిమిషమునకు 9.3 గిగాబైట్లకు పైమాటే! కాని ఫోనులో ఆ ఫైలు సాధారణముగా నూరు, నూటయేబది మెగాబైట్ల ప్రాంతముననే ఉండును. మిగిలినదంతయు ఎక్కడికి పోయినది?

కొంత మన కంటి స్వభావమువలన పోయినది. కన్ను వెలుగునీడల తేడాను సూక్ష్మముగా గుర్తించును గాని, రంగుల తేడాను అంతగా గుర్తింపలేదు. కావున వెలుగు విలువను ప్రతి బిందువునకు ఉంచి, రంగు విలువలను నాలుగు బిందువులకు కలిపి ఒకసారి మాత్రమే వ్రాయుదురు. దీనితోనే సగము తగ్గును.

అసలు పొదుపు వేరొకచోట కలదు. లోలకము ఊగుచున్నను దాని వెనుక గోడ కదలదు. ఆ గోడను సెకనుకు 25 మారులు వ్రాయుట ఎందులకు? అందుచేత ఒక చిత్రమును పూర్తిగా వ్రాసి, తరువాతి వాటిలో ఏ గడి ఎంత జరిగినది, ఏమి మారినది అనునంత మాత్రమే వ్రాయుదురు. మిగిలిన తేడాలను 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు ప్రకటించిన కొసైను పరివర్తనము వంటి గణితముతో అలలుగా విడగొట్టి, సన్నని అలలను స్థూలముగా గుండుచుట్టి వ్రాయుదురు. నష్టము ముఖ్యముగా ఇచ్చటనే జరుగును. ఒకసారి గుండుచుట్టిన అంకె మరల వెనుకకు రాదు. 2003లో వెలువడిన హెచ్.264 అను ప్రమాణము ఈ ఉపాయములన్నిటిని వాడుకొన్నది.

ఇక మార్పిడి మాట. ఎమ్‌పీ4, ఎమ్‌కేవీ అనునవి సంపీడన పద్ధతులని చాలమంది పొరబడుదురు. అవి గిన్నెలు మాత్రమే. లోపలి పదార్థము హెచ్.264 కావచ్చును, మరొకటి కావచ్చును. బడిలోని యంత్రము ఎమ్‌కేవీని చూపకున్నచో, లోపలిది హెచ్.264 అయినపుడు గిన్నె మార్చిన చాలును. 2000లో ఫాబ్రీస్ బెల్లార్డ్ ప్రారంభించిన ఎఫ్ఎఫ్‌ఎమ్‌పెగ్ అను ఉచిత సాధనమునకు 'కాపీ' అని ఆదేశించినచో క్షణములలో పని ముగియును. చిత్రమున ఒక్క బిందువైనను చెడదు. హ్యాండ్‌బ్రేక్ అను మరియొక ఉచిత సాధనము వాడుటకు సులభమే గాని, అది చిత్రమును ప్రతిసారి క్రొత్తగా సంపీడనము చేయును. అవసరము లేని చోట దానిని వాడుట వంటకమును మరల పొయ్యి మీద పెట్టుట వంటిదే.

నిజముగా ఫైలును తగ్గింపవలసినపుడు ఈ సాధనములు నాణ్యతకు ఒక అంకెను అడుగును. హెచ్.264కు వాడు ఎక్స్264లో అది 0 నుండి 51 వరకు ఉండును. మనము చెప్పకున్నచో 23. అంకె పెరిగినకొలది నాణ్యత తగ్గును. ఆరు పెంచినచో ఫైలు సుమారు సగమగును. ముందుగా ఒక నిమిషపు ముక్కపై 23తో ప్రయత్నించి, తెరపై పెద్దదిగా చూడవలెను. ముఖములు బాగుగనే కనబడును. చెడునవి నల్లబల్లపై సన్నని అక్షరములు, మన లోలకపు దారము.

లోలకము విషయములో మరియొక చిక్కు కలదు. దాని డోలన కాలము సుమారు 2 సెకనులు, అనగా 50 చిత్రములు. విద్యార్థులు చిత్రములను లెక్కించి కాలమును కొలువవచ్చును. ఫైలు తగ్గవలెనని సెకనుకు 10 చిత్రములే ఉంచినచో, ఒక్కొక్క చిత్రమునకు నడుమ 0.04 సెకనుకు బదులు 0.1 సెకను ఎడము వచ్చి కొలత మోటుబారును. (కొన్ని ఫోనులు వెలుతురును బట్టి ఈ సంఖ్యను తామే మార్చుచుండును, లెక్కకు ముందు ఇదియు చూచుకొనవలెను.) ఫైలు చిన్నదైనదని మూలమును చెరిపివేసిన పిమ్మట, చిన్న ప్రతిని 18తో మరల సంపీడించినను దారము తిరిగి రాదు, ఫైలు మాత్రము ఉబ్బును.

కావున మూలమును వేరొక డిస్కులో దాచి, తరగతికి చిన్న ప్రతిని పంచవలెను. ఆ ప్రతి పేరులోనే వాడిన అంకెను చేర్చినచో, మరుసటి ఏడు దానిని తెరచిన ఉపాధ్యాయునకు అది మూలము కాదని వెంటనే తెలియును.