దండలో దారం
పూసల నగలు చేసే చేతుల కథ

జరిగిన సంగతిని ఒక్క ముక్క పోకుండా చెప్పినవారిని "పూసగుచ్చినట్టు చెప్పింది" అంటాం. చక్కని దస్తూరీని ముత్యాల్లాంటి అక్షరాలంటాం. మంచి మనిషిని ఆణిముత్యమంటాం. పదిమందినీ కలిపి ఉంచి, తాను మాత్రం కంటికి కనబడని మనిషిని దండలో దారమంటాం. పూసలు, ముత్యాలు, దారం మన మాటల్లో ఇంతగా కలిసిపోయాయి. కాని నిజంగా కూర్చుని ఆ పూసలు గుచ్చే మనిషిని గురించి మనం ఎప్పుడైనా ఆలోచించామా?

పల్లెల్లో పెరిగిన వారికి పూసలవారు తెలియనివారు కారు. గంప నెత్తిన పెట్టుకుని, సూదులు, పిన్నీసులు, దువ్వెనలు, రంగురంగుల పూసలు అమ్ముతూ వాకిట్లోకి వచ్చేవారు. తండాలలో లంబాడా స్త్రీలు అద్దాలు, గవ్వలు, పూసలు కలిపి తమ రవికెలనూ నగలనూ తామే అలంకరించుకోవడం చూశాం. గోదావరి, కృష్ణా జిల్లాలలో పెళ్ళిళ్ళకు పెట్టుకునే గుత్తపూసల హారాన్నీ చూశాం. హారం అంచున సన్నని ముత్యాలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. ఇవన్నీ వేరువేరు నగలు. అన్నిటిలో పని మాత్రం ఒకటే. చిన్న రంధ్రంలోకి సన్నని దారాన్ని ఎక్కించి, ఒకదాని పక్కన ఒకటి ఓపికగా పేర్చడం.

అఫ్జల్‌గంజ్ నుండి పత్థర్‌గట్టి దాకా

హైదరాబాదు వెళ్ళిన మన పల్లెవాసులకు అఫ్జల్‌గంజ్ కొత్త పేరు కాదు. ఉస్మానియా ఆసుపత్రి అక్కడే. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అక్కడే. హోల్‌సేల్ సరుకులకు పేరుపడిన బేగంబజారు దాని పక్కనే. 1857 నుండి 1869 వరకు పాలించిన ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీదుగా ఈ గంజికి ఆ పేరు వచ్చింది. మూసీ మీద నయాపూల్ వంతెన కూడా ఆయన కాలంలోనిదే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్న చోటు కూడా ఈ తీరమే.

ఆ వంతెన దాటితే ఎడమవైపు సాలార్‌జంగ్ మ్యూజియం. తిన్నగా నడిస్తే మదీనా, ఆ తరువాత రాతి కమానుల కింద బారులు తీరిన పత్థర్‌గట్టి దుకాణాలు. హైదరాబాదు ముత్యాలకు పేరు తెచ్చిన బజారు ఇదే. ఇంకా ముందుకు వెళితే చార్మినారు, దాని పక్కన గాజులకు పేరుపొందిన లాడ్ బజారు. లక్కను బొగ్గుల సెగపై మెత్తబరచి, చుట్టగా చేసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే చెమ్కీలు, రాళ్ళు, పూసలు ఒక్కొక్కటిగా అద్ది చేసే గాజులు ఇక్కడ దొరుకుతాయి. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. హైదరాబాదుకు సముద్రం లేదు. మరి ముత్యాల ఊరని పేరు ఎలా వచ్చింది? ముత్యాలు పుట్టడం వలన కాదు, వాటికి పనిచేసే చేతులు ఇక్కడ ఉండడం వలన. పూర్వం పారశీక సింధుశాఖ నుండి వచ్చే బస్రా ముత్యాలను ఇక్కడి రాజులు, నవాబులు కొనేవారు. వాటిని ఏరేవారు, తొలిచేవారు, గుచ్చేవారు ఆ గిరాకీ చుట్టూ స్థిరపడ్డారు. జపానులో మికిమోటో 1893లో ఆల్చిప్పలో ముత్యాన్ని పెంచడంలో విజయం సాధించాడు. ఆ పెంపకపు ముత్యాలు బజారు నిండడంతో 1930ల నాటికి సింధుశాఖలోని ముత్యాల వేట కుప్పకూలింది. తరువాతి కాలంలో చైనా మంచినీటి ముత్యాలు బస్తాలకొద్దీ వచ్చాయి. సరుకు మారింది, దేశం మారింది. పనివాని ఊరు మాత్రం మారలేదు. పుట్టిన చోటుకంటె పనితనం ఉన్న చోటుకే పేరు దక్కిందన్నమాట.

ఒక ముత్యం దండ అయ్యేదాకా

వచ్చిన ముత్యాన్ని మొదట సైజు ప్రకారం జల్లెడలతో వేరుచేస్తారు. తరువాత తొలవడం. ఒకవైపు నుండి సగం, రెండవవైపు నుండి సగం తొలిస్తే రెండు రంధ్రాలూ నడుమ కలవాలి. వెంట్రుకవాసి పక్కకు పోయినా ముత్యం పెచ్చు లేచిపోతుంది, లేదా దండలో వంకరగా కూర్చుంటుంది. ఒకప్పుడు విల్లు వంటి సాధనంతో చేసిన ఈ పని ఇప్పుడు చిన్న కరెంటు యంత్రంతో జరుగుతున్నది. యంత్రం తిరుగుతుందే గాని, ఎక్కడ తొలవాలో చెప్పేది కన్నే.

తరువాత మందునీటిలో వేసి గాజు సీసాలలో ఉంచి, అద్దం పరచిన పెట్టెలలో ఎండకు పెడతారు. మచ్చ పోయి తెలుపు వస్తుంది. కడిగి, మెరుగుపెట్టి, మళ్ళీ ఏరుతారు. ఇక్కడే అసలు నేర్పు. తెలుపులో ఒకటి కొంచెం గులాబి, ఒకటి కొంచెం పచ్చన, ఒకటి మీగడరంగు. చూసేవారికి అన్నీ ఒకటే. ఏరేవారికి ఏ రెండూ ఒకటి కావు. ఒక్క దండలో పక్కపక్కన కూర్చునే ముత్యాలు రంగులో, మెరుపులో, గుండ్రనలో ఒకదానికొకటి నప్పాలి. పెద్దది నడుమ, చిన్నవి క్రమంగా అంచులకు రావాలంటే దినమంతా ఏరినా ఒక్కొక్కసారి ఒక దండకు సరిపోవు.

అప్పుడు గుచ్చడం. పాతబస్తీలో దారంతో నగలు కట్టేవారిని పట్వాలంటారు. మంచి ముత్యాల దండలో ముత్యానికీ ముత్యానికీ నడుమ చిన్న ముడి ఉంటుంది. అది అందం కోసమే కాదు. ఎప్పుడైనా దారం తెగితే ఒక్క ముత్యమే జారుతుంది గాని దండంతా నేలపాలు కాదు. పైగా ముత్యాలు ఒకదానికొకటి రాసుకుని అరగవు. ముడి వదులైతే దారం కనబడుతుంది, బిగువైతే దండ కర్రలాగ నిలబడుతుంది. ఆ బిగువును కొలిచే సాధనం వేలికొన తప్ప మరొకటి లేదు.

లెక్క వేసి చూడండి. పద్ధెనిమిది అంగుళాల దండ సుమారు 45 సెంటీమీటర్లు. రెండు మిల్లీమీటర్ల పూసలైతే ఒక్క పేటకు 225 పూసలు కావాలి. ఏడు పేటల హారానికి 1575. ప్రతి పూసనూ ఒకసారి వేళ్ళతో పట్టి, రంధ్రం చూచి, దారం ఎక్కించాలి. అద్దం ముందు ఒక్క నిమిషంలో మెడలో వేసుకునే నగ వెనక ఇంత పని ఉన్నది.

ఒక తెలుగు ఊరి గాజుపూస

ముత్యం కలవారిదైతే గాజుపూస అందరిది. దాని చరిత్ర మరీ గొప్పది. నేటి తిరుపతి జిల్లాలో శ్రీకాళహస్తికి దగ్గరలో పాపానాయుడుపేట అనే ఊరున్నది. ప్రపంచమంతా తిరిగి పూసల చరిత్ర రాసిన అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఈ ఊరి పనివారి పద్ధతిని వివరంగా నమోదు చేశాడు. కొలిమిలో కరిగిన గాజుముద్దను పొడవాటి ఇనుప గొట్టానికి చుట్టి, శంకువు ఆకారంలో దిద్ది, ఆ ముద్ద కొసనుండి బోలు గొట్టంగా గాజును లాగుతారు. పెద్ద పనివాడు కొలిమి ముందు కూర్చుని గంటల తరబడి ఆగకుండా చేతులతో లాగుతూనే ఉంటాడు. ఆగితే గొట్టం తెగుతుంది. ఆ సన్నని గొట్టాలను చిన్న చిన్న ముక్కలుగా కొట్టి, రంధ్రాలు మూసుకుపోకుండా బూడిదలో కలిపి మళ్ళీ వేడిచేస్తారు. పదునైన అంచులు గుండ్రమవుతాయి. చివరకు స్త్రీలు వాటిని దారాలకు గుచ్చుతారు.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపాడు. రెండువేల ఏళ్ళనాడే అక్కడ ఇటువంటి లాగుడు పూసలు తయారయ్యేవి. ఈ తరహా చిన్న పూసలు ఓడలెక్కి తూర్పు ఆఫ్రికా తీరం నుండి కొరియా, జపాను వరకు వెళ్ళాయి. మన సంగారెడ్డి దగ్గరి కొండాపురంలో 1940లలో తవ్వినప్పుడు కూడా శాతవాహనుల నాటి పూసలు రాసులుగా బయటపడ్డాయి. ఆ రాజుల కోటలు మట్టిలో కలిశాయి. ఆనాటి తల్లి ఒకరు గుచ్చుకున్న పూస మాత్రం రంగు పోకుండా నేటికీ ఉన్నది.

నగకు పేరు, చేతికి పేరు లేదు

నిజాం నగల సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 1995లో భారత ప్రభుత్వం 173 నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నది. 2001లో, 2006లో వాటిని సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు జనం బారులు తీరి చూశారు. వాటిలో ఏడు పేటల బస్రా ముత్యాల హారం ఒకటి. ఆ నగలన్నీ ధరించినవారి పేరుతోనే పిలువబడుతున్నాయి. ఆ ముత్యాలను ఏరి, ముడివేసి, పేట పేటకూ కొలత తప్పకుండా గుచ్చిన చేతుల పేరుతో కాదు.

పేరు లేకపోతే పోనీ, కూలి అయినా తగినంత దక్కాలి కదా? ఇక్కడే అసలు బాధ. నరసాపురం లేసు మన సంఘాలలో అందరికీ తెలిసినదే. 1844లో అక్కడికి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతుల ద్వారా ఆ అల్లిక మన స్త్రీలకు అబ్బింది. తరాలు గడిచాయి, లేసు విదేశాలకు వెళ్ళింది. మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు అక్కడ తిరిగి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె చెప్పిన విషయం మనసును కలచివేస్తుంది. రోజుకు ఎన్నో గంటలు అల్లే స్త్రీలను పనివారుగా లెక్కించలేదు. "ఇంట్లో ఊరకే కూర్చున్నవారు తీరికవేళ చేసుకునే పని" అన్నారు. ఆ ఒక్క మాటతో కూలి పడిపోయింది. లాభం నడుమనున్న వ్యాపారులకు చేరింది.

పూసల పనికీ ఇదే ప్రమాదం. "కూర్చుని చేసేదే కదా" అనే మాట ఎంత తేలిక! కూర్చునే చేయాలి గనుకనే నడుము పట్టేస్తుంది, మెడ వంగిపోతుంది, నలభై దాటేసరికి కళ్ళు మసకబారుతాయి. రాతిపూసలు తొలిచే వారి కష్టం ఇంకా ఎక్కువ. గుజరాతులోని ఖంభాతులో అకీకు రాళ్ళకు సానపట్టే కార్మికులు ఆ రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయారు. మెడలో మెరిసే పూస వెనక ఒకరి ఊపిరి ఉన్నదని మరచిపోరాదు.

మరోవైపు యంత్రాల పోటీ. జపానులో, చెక్ దేశంలో యంత్రాలు కోట్లకొద్దీ చిన్నపూసలను ఒకే కొలతలో చేస్తున్నాయి. ప్లాస్టిక్ ముత్యం కొన్ని రూపాయలకే వస్తున్నది. ఇక చేతిపని ఎందుకని అడగవచ్చు. యంత్రం పూసను చేయగలదు. ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో, ఈ మెడకు ఎంత పొడవు బాగుంటుందో, అమ్మమ్మ తెగిన గొలుసులోని పది పూసలను మనవరాలి కొత్త దండలో ఎలా కలపాలో అది చెప్పలేదు. అది చేసేవారి మనసులో పుట్టాలి.

నేర్చుకునే అమ్మాయిలకు, కొనే తల్లులకు

ఈనాడు మన పల్లెల్లో చాలామంది ఆడపిల్లలు ఈ పని నేర్చుకుంటున్నారు. పెద్ద పెట్టుబడి అక్కరలేదు. సూది, దారం, పూసలు, కొక్కేలు, చిన్న పటకారు చాలు. కాని అమ్మేటప్పుడు చాలామంది పూసల ఖరీదు మాత్రమే లెక్కవేసి, తమ గంటలను లెక్కలో వేయరు. ఉదాహరణకు ఒక దండకు పూసలు 120 రూపాయలు, దారమూ కొక్కెమూ 30 రూపాయలు అయ్యాయి, పని నాలుగు గంటలు పట్టిందనుకోండి. 200 రూపాయలకు అమ్మితే మిగిలింది 50. అంటే గంటకు పన్నెండున్నర రూపాయలు. పొలంలో కలుపు తీసినా అంతకంటె ఎక్కువ వస్తుంది. కనుక గంటల లెక్క ఒక పుస్తకంలో రాసుకోండి. వెలుతురు ఎడమవైపు నుండి పడేలా కూర్చోండి. గంటకొకసారి లేచి దూరంగా చూడండి. రాత్రి గుడ్డిదీపం దగ్గర గుచ్చకండి. ఆర్డరు పోతే మళ్ళీ వస్తుంది, కన్ను పోతే రాదు.

కొనేవారికి కూడా రెండు మాటలు. ముత్యాన్ని పంటి అంచుకు మెల్లగా రాస్తే సన్నని గరుకు తగలాలి. ప్లాస్టిక్ అయితే జారిపోతుంది. సెంటు, పౌడరు అన్నీ అయ్యాక చివరగా దండ వేసుకోండి, ఇంటికి రాగానే మొదట తీయండి. మెత్తని గుడ్డతో తుడిచి దాచండి. దారం సాగినట్టు కనబడితే తెగేదాకా ఆగక తిరిగి గుచ్చించండి.

అన్నిటికంటె ముఖ్యమైనది బేరం. సువార్తలోని ముత్యాల వర్తకుని ఉపమానం మనందరికీ కంఠస్థమే. అతడు ముత్యం విలువ ఎరిగినవాడు, అందుకే బేరమాడక ఉన్నదంతా పెట్టాడు. మనం ఉన్నదంతా పెట్టనక్కరలేదు. తిరునాళ్ళలోనో, పక్కింటి అమ్మాయి దగ్గరో చేతితో చేసిన దండ కొనేటప్పుడు, పది రూపాయలు తగ్గించమని అడిగేముందు అందులోని పూసలను ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. "ఇది ఎన్ని గంటలు పట్టిందమ్మా?" అని అడగండి. ఆమె చెప్పిన జవాబు విన్నాక మీరే ధర నిర్ణయించండి.

దండలో దారం కనబడకూడదు, అది దాని అందం. దారం గుచ్చిన మనిషి మాత్రం మనకు కనబడాలి.