స్టార్టర్ పెట్టెలో ఎర్రంకెలు

మార్కాపురం నుంచి తర్లుపాడు వైపు వెళ్లినా, గిద్దలూరు దాటి కొమరోలు వైపు వెళ్లినా చేలల్లో ఇనప కాళ్ల మీద నిలబడ్డ స్టార్టర్ పెట్టెలు కనిపిస్తూనే ఉంటాయి. ఒకప్పుడు వాటి తలుపు తీస్తే రెండు ముల్లు మీటర్లు ఉండేవి. ఒకటి వోల్టులకి, ఇంకొకటి ఆంపియర్లకి. ఇప్పుడు వాటి చోట ఎర్రగా వెలిగే అంకెల మీటర్లు వచ్చాయి. పలకల ఫ్యాక్టరీల్లో రాయి కోసే మిషన్ల బోర్డుల మీదా ఇవే. ముల్లు అటూ ఇటూ ఊగుతుంటే మనకి కొంచెం అనుమానం ఉండేది. అంకె అలా ఊగదు, 8.1 అని నిలబడి చెబుతుంది. అందుకే జనం దాన్ని ఎక్కువ నమ్ముతున్నారు. నమ్మొచ్చు కూడా, పెట్టినవాళ్లు సరిగా పెట్టి ఉంటే.

బత్తాయి తోట ఉన్న మా మేనల్లుడు పోయిన వేసవిలో ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం. "మామా, కొత్త బోర్డు పెట్టించినాక మోటారు ఎనిమిది ఆంపియర్లే తీసుకుంటాంది. పాతదాంట్లో పదహారు చూపించేది." అతనిది 10 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు. 415 వోల్టుల త్రీఫేజు మీద హెచ్‌పీకి సుమారు ఒకటిన్నర ఆంపియర్లు లెక్క. అంటే పదిహేను, పదహారు దగ్గర ఉండాలి. నీళ్లు మాత్రం ఎప్పటిలాగే పోస్తున్నాయట. నీళ్లు అవే పోస్తూ కరెంటు సగానికి పడిపోవడం జరిగే పని కాదు. వెళ్లి క్లాంప్ మీటరు పెట్టి చూస్తే 16 ఉంది. పెట్టె లోపల, కరెంటుని తగ్గించి మీటరుకిచ్చే సీటీ అనే బిళ్ల మీద 100/5 అని రాసి ఉంది. మీటరులో మాత్రం 100 బదులు 50 అని పెట్టి వదిలేశారు.

కరెంటు తక్కువ చూపిస్తే వచ్చే నష్టం ఏముందిలే అనుకోకూడదు. మోటారు కాలిపోకుండా ఆపే లెక్క కూడా ఆ మీటరులోనే ఉంది. 18 ఆంపియర్లు దాటితే ఆపమని పెట్టారు. మీటరు సగమే చూస్తోంది కాబట్టి దాని లెక్కలో 18 వచ్చేసరికి మోటారు తీగల్లో 36 పారుతూ ఉంటుంది. వైండింగు మాడి వాసన వచ్చినా ఆ పెట్టె నోరు మెదపదు. ఇక్కడ బోర్లు ఆరేడు వందల అడుగులు. మోటారు తీయాలంటే బండి రావాలి, పైపులన్నీ లాగాలి, వైండింగు చేయించి మళ్లీ దించాలి. ఈ లోపల చెట్టు ఎండుతుంది. ఒక్క అంకె తప్పు పెట్టడం వల్ల ఇంత జరగొచ్చని తెలిస్తే ఎవరూ అలా వదిలేయరు. అందుకే ఇంత ఓపిగ్గా చెబుతున్నాను.

ఈ మీటరుకి లోపల తెలిసింది చాలా తక్కువ. 1950ల్లో అమెరికాలో ఆండ్రూ కే మొదటి డిజిటల్ వోల్టుమీటరు చేసినప్పుడు అది బల్ల మీద పెట్టుకునే పెద్ద పెట్టె. తర్వాత అదే పని ఒక చిప్పులోకి వచ్చింది. చాలా ప్యానెల్ మీటర్లలో వాడిన ఐసీఎల్ 7107 అనే చిప్పు మామూలుగా చూసేది 200 మిల్లీవోల్టుల లోపే, చూపించేది 1999 వరకే. మూడున్నర అంకెల మీటరు అనేది అందుకే. 415 వోల్టులని రెసిస్టర్లతో చిన్నది చేసి దానికిస్తారు. ఆంపియర్లనీ అలాగే చిన్న వోల్టేజిగా మార్చి ఇస్తారు. బయట పారుతున్నది ఎనిమిదా, ఎనభయ్యా అన్నది చిప్పుకి తెలియదు. చివర ఎంతతో గుణించాలో మనం చెప్పాలి.

ఆ చిన్న వోల్టేజిని అంకెగా మార్చే పద్ధతి మన తొట్టి లెక్కే. బోరు నీళ్లు ఎంత జోరుగా పోస్తున్నాయో తెలియదు అనుకోండి. ఒక నిమిషం పాటు తొట్టిలోకి వదలండి. తర్వాత బోరు కట్టేసి, ఎంత పారుతుందో ముందే తెలిసిన చిన్న గొట్టంతో తొట్టి ఖాళీ చేయండి. ఖాళీ కావడానికి పట్టిన సమయం లెక్కపెడితే బోరు జోరు తెలిసిపోతుంది. చిప్పులో తొట్టి బదులు కెపాసిటర్ ఉంటుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, అంటే ఒక ఊపుకి 20 మిల్లీసెకన్లు. నింపే సమయాన్ని 20 మిల్లీసెకన్లకి సరిగ్గా పూర్తి రెట్లుగా పెడితే పక్క తీగల నుంచి వచ్చే హమ్ ఎంత ఎక్కిందో అంతే దిగి సున్నా అవుతుంది. అంకె నిలకడగా నిలబడేది అందుకే.

ఇక పెట్టే పని. పెట్టె తలుపులో కోసే కన్నం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 96×96 మిల్లీమీటర్ల మీటరుకి 92×92 కన్నం, వెనక క్లిప్పులు. అసలు జాగ్రత్త ఇక్కడ కాదు, తలుపు తీసే ముందు. మన దగ్గర చాలా పెట్టెల్లో ఆటో స్టార్టర్లు ఉన్నాయి. కరెంటు పోయి ఉంది కదా అని చెయ్యి పెడితే, అది వచ్చిన క్షణాన మోటారు తనంతట తానే స్టార్టవుతుంది. ఫ్యూజులు మూడూ పీకి జేబులో వేసుకోండి. టెస్టరు మూడు ఫేజుల మీదా పెట్టి చూసుకోండి. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్.

వోల్టు తీగలు చిన్న గాజు ఫ్యూజుల మీదుగా మీటరులోకి పోవాలి. ఇక్కడ ఒక చిక్కుంది. మన పొలాల్లో స్టార్టర్ దాకా చాలాసార్లు మూడు ఫేజులే వస్తాయి, న్యూట్రల్ రాదు. మీటరు వెనక న్యూట్రల్ అని రాసిన స్క్రూ ఖాళీగా కనిపించగానే కొందరు ఎర్త్ తీగ తెచ్చి అక్కడ బిగిస్తారు. అది తప్పు, ప్రమాదం కూడా. ఎండిన నేలలో ఎర్త్ రాడ్డు సరిగా పట్టదు, వోల్టులు ఇష్టమొచ్చినట్టు చూపిస్తుంది. మూడు ఫేజులూ తీసుకునే మీటరులో 3 ఫేజు 4 వైరు, 3 ఫేజు 3 వైరు అని రెండు రకాల సెట్టింగు ఉంటుంది. న్యూట్రల్ లేకపోతే 3 వైరు పెట్టుకోవాలి. అలాగే మీటరు ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య చూపిస్తోందా, ఫేజుకీ ఫేజుకీ మధ్య చూపిస్తోందా చూసుకోండి. మొదటిది 240 దగ్గర, రెండోది 415 దగ్గర ఉంటుంది. రెంటికీ తేడా 1.732 రెట్లు. లో వోల్టేజి అని కంగారు పడి లైన్‌మన్‌కి ఫోన్ చేసేముందు ఈ సెట్టింగు ఒకసారి చూడటం మంచిది.

ఇప్పుడు సీటీ. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌ని అందరూ పిలిచేది ఆ పేరుతోనే. మధ్యలో బొక్క ఉన్న నల్లటి గుండ్రటి బిళ్ల. మోటారుకి పోయే ఒక ఫేజు తీగ ఆ బొక్కలోంచి పోతుంది. ఒక్క తీగే పోవాలి. మూడూ కలిపి దూరిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. 50/5 అంటే తీగలో 50 ఆంపియర్లు పారితే మీటరుకి 5 వెళ్తాయని అర్థం. 5 హెచ్‌పీ మోటారు తీసుకునేది ఎనిమిది ఆంపియర్లు అనుకుంటే మీటరుకి వెళ్లేది 0.8 మాత్రమే. అంత అడుగున కొలిస్తే సీటీ లెక్క అంత కచ్చితంగా ఉండదు. అప్పుడు మెకానిక్కులు తీగని బొక్కలోంచి రెండోసారి తిప్పి తెస్తారు. మంచి ఉపాయమే. అప్పుడు 50/5 కాస్తా 25/5 అవుతుంది, మీటరులో 25 పెట్టాలి. కానీ చుట్లు లెక్కపెట్టడంలో తరచూ పొరపాటు జరుగుతుంది. బయట కనిపించే చుట్లు కాదు లెక్క, బొక్కలోంచి తీగ ఎన్నిసార్లు వెళ్లిందో అది. తిన్నగా దూరి పోయినా అది ఒకటే. బయట ఒక చుట్టు తిరిగి మళ్లీ లోపలికి వస్తే రెండు. బయట ఒక చుట్టే కనపడుతోందని ఒకటిగా లెక్కవేసి 50 అలాగే ఉంచితే మీటరు రెట్టింపు చూపిస్తుంది.

సీటీ గురించి ప్రాణం మీదికి తెచ్చే సంగతి ఇంకొకటి ఉంది. తీగలో కరెంటు పారుతుండగా సీటీ రెండు కొసలని విడిగా వదలకూడదు. మీటరు మార్చాల్సి వస్తే మోటారు ఆపండి. ఆపలేకపోతే ముందు ఆ రెండు కొసలని ఒక తీగ ముక్కతో కలిపేసి, ఆ తర్వాత మీటరు విప్పండి. కొసలు తెరిచి ఉంటే కరెంటుకి పోయే దారి ఉండదు. సీటీ ఎలాగైనా దాన్ని తోయాలని చూసి వోల్టేజి పెంచుకుంటూ పోతుంది. పెద్ద సీటీల్లో అది వేలల్లోకి పోతుంది. వోల్టు తీగలో షార్టు ప్రమాదం, సీటీ తీగలో తెరిచి ఉండటం ప్రమాదం. రెండూ తలకిందులు. కొత్త కుర్రాళ్లకి పని నేర్పేవాళ్లు దీన్ని మొదటి రోజే చెప్పాలి.

మీటరు వెలిగాక దాన్ని చదవడమూ తెలియాలి. తరచూ జరిగేది, ఒక ఫేజు పోవడం. అప్పటికే తిరుగుతున్న మోటారు మిగతా రెండు ఫేజుల మీద మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది. అలా తిరుగుతూ, పోయిన ఫేజులోకి తానే వోల్టేజి పుట్టించి పంపుతుంది. వోల్టుమీటరు చూస్తే మూడు ఫేజులూ ఉన్నట్టే, కాస్త తగ్గినట్టే కనపడుతుంది. ఆంపియర్లు మాత్రం అబద్ధం చెప్పవు. పోయిన ఫేజులో సున్నా, మిగతా రెండింట్లో బాగా ఎక్కువ. అందుకే ఒక ఫేజుకే ఆంపియర్లు చూసే చవక మీటరు కంటే మూడింటికీ చూసేది పెట్టుకోమంటాను. ఖర్చు ఎక్కువే కానీ ఒక్క వైండింగు తప్పినా తిరిగి వస్తుంది. బోరులో నీళ్లు అయిపోయి మోటారు ఉత్తగా తిరిగితే ఆంపియర్లు బాగా పడిపోతాయి. డ్రైరన్ అని ఆపేది ఆ పడిపోవడం చూసే.

ముల్లు మీటరుకి ఒక మంచి గుణం ఉండేదని కూడా చెప్పాలి. మోటారు స్టార్టయ్యేటప్పుడు ముల్లు ఎగిరి దిగేది చూసి పాత మెకానిక్కులు బేరింగు బిగుసుకుందో లేదో చెప్పేవాళ్లు. అంకెల మీటరు సెకనుకి రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది, ఆ ఎగురు దానికి అందదు. స్టార్టింగులో వచ్చే అంకెని పట్టించుకోకండి. చివరి అంకె 413, 415 మధ్య ఆడినా కంగారు లేదు. 0.5 శాతం మీటరు అంటే 415 మీద రెండు వోల్టులు అటూ ఇటూ మామూలే.

బోరులో నీటి మట్టం చూడాలనుకునేవాళ్లకి ఇలాంటి అంకెల మీటరే ఇంకో రకంగా ఉపయోగపడుతుంది. గుండ్లకమ్మ మీద కట్టిన కంభం చెరువులో నీళ్లు ఎంత ఉన్నాయో కట్ట మీద నిలబడితే కళ్లకి కనపడుతుంది. వందల ఏళ్లుగా అలాగే చూసుకుంటున్నారు.  బోరు నీళ్లు కంటికి కనపడవు. అందుకని నీటి బరువుని చూసే సెన్సరుని బోరులోకి వదులుతారు. తన మీద ఎన్ని మీటర్ల నీళ్లు ఉన్నాయో దాన్నిబట్టి 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల కరెంటు పైకి పంపుతుంది. సున్నా నుంచి కాకుండా 4 నుంచి మొదలుపెట్టడంలో ఉపాయం ఉంది. నీళ్లు అయిపోతే 4 వస్తుంది, తీగ తెగితే సున్నా వస్తుంది. రెండూ వేరని తెలిసిపోతుంది.

సెన్సరు 50 మీటర్లది, అంటే సుమారు 164 అడుగులు. దాన్ని 500 అడుగుల లోతున వేలాడదీశారు అనుకోండి. మనకి కావలసింది సెన్సరు మీద నీళ్లెన్ని అని కాదు, నేల నుంచి ఎంత లోతులో నీళ్లున్నాయని. కాబట్టి లెక్క తిరగేసి పెట్టాలి. మీటరులో 4 మిల్లీఆంపియర్లకి 500 అని, 20కి 336 అని ఇవ్వాలి. అప్పుడు 12 వస్తే మీటరు 418 అని చూపిస్తుంది. భూగర్భజల శాఖవాళ్లు మట్టం కొలవడానికి వేసిన బోర్లలో (పీజోమీటర్లలో) చూసి చెప్పేది కూడా ఇలా నేల మట్టం నుంచి కిందికి లెక్కే. వాళ్లది మీటర్లలో ఉంటుంది, అంతే తేడా.

ఈ సెన్సరుకి 24 వోల్టుల డీసీ కావాలి. ప్లస్ తీగ సెన్సరుకి పోతుంది, సెన్సరు నుంచి తిరిగొచ్చిన తీగ మీటరు మిల్లీఆంపియర్ స్క్రూలోకి రావాలి. ఆ 24 వోల్టులని నేరుగా మీటరు స్క్రూకి ఇస్తే లోపలి చిన్న రెసిస్టర్ పోతుంది. సెన్సరు కేబులు లోపల సన్నటి గాలి గొట్టం ఉంటుంది, బయటి గాలి ఒత్తిడి లెక్కలోకి రాకుండా. పైన కేబులుని మడిచి టేపుతో మూసేస్తే మట్టం తప్పు వస్తుంది. సెన్సరుని మోటారు పైపులకి కట్టకుండా పక్కన సన్నటి పీవీసీ గొట్టంలో దించితే రేపు మోటారు తీసేటప్పుడు తెగదు.

అన్నీ బిగించాక చివరి పని ఒకటుంది. మీటరు చూపించే అంకెని ఇంకొక దారిలో కొలిచి పక్కపక్కన పెట్టి చూడటం. ఆంపియర్లకి క్లాంప్ మీటరు, వోల్టులకి మల్టీమీటరు, మట్టానికి తాడు కట్టిన బరువు. అప్పుడు పెయింటు పెన్నుతో పెట్టె తలుపు లోపలి వైపు రాయండి: సీటీ 50/5, రెండు చుట్లు, మీటరులో 25, సెన్సరు 500 అడుగులు, తేదీ. మా మేనల్లుడి పెట్టె తలుపు మీద ఆ రోజు నేనే రాశాను, 100/5, ఒక చుట్టు, మీటరులో 100. ఇప్పుడతని మీటరు 16 చూపిస్తోంది.